ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి: పిల్లల బేస్‌బాల్ జట్టుకు ఫీల్డింగ్ స్థానాల ఎంపిక

పద్నాలుగు మంది పిల్లలు గ్రౌండ్‌కు వచ్చారనుకోండి. అందులో పది మందికి క్రికెట్ తెలుసు, ఇద్దరు కబడ్డీ ఆడతారు, మిగతా ఇద్దరు దోస్తుల వెంట వచ్చినవాళ్లు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలెక్షన్లకు నెల రోజులే ఉంది. ఇలాంటప్పుడు చాలామంది పీఈటీలు చేసేది ఒకటే. గట్టిగా విసిరేవాడు పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసేవాడు), పొడుగువాడు ఫస్ట్ బేస్ (కొట్టినవాడు బంతి కంటే ముందు చేరాల్సిన మొదటి మూల), లావుగా ఉన్నవాడు క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు), మిగిలినవాళ్లంతా ఔట్‌ఫీల్డ్ (బేస్‌ల వెనక ఉండే మైదానం). ఇట్లా కూర్చిన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దెబ్బతింటుంది. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడేవాడు) బంతిని చక్కగా ఆపి విసురుతాడు, ఫస్ట్ బేస్ దగ్గర అది చేతిలోంచి జారిపోతుంది, వెనక గోడ దాకా దొర్లుతుంది. ఒక ఔట్ రావాల్సిన చోట రన్నర్ థర్డ్ బేస్ మీద నిలబడి ఉంటాడు.

ఈ వయసులో పరుగులు ఎక్కువగా పోయేది ప్రత్యర్థి బ్యాట్ వల్ల కాదు, మనవాళ్లు జారవిడిచిన బంతుల వల్ల. అందుకే ఎవరు గట్టిగా విసురుతారన్నది తర్వాతి మాట. ఎవరు నమ్మకంగా పట్టుకుంటారన్నది ముందు తేల్చాలి. కింది పద్ధతి అంతా దాని మీదే నిలబడి ఉంది.

ముందు గ్రౌండ్ సంగతి

12 ఏళ్ల లోపు పిల్లలకు బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు, అంటే 18.29 మీటర్లు. పిచర్ నిలబడే చోటి నుంచి హోమ్ ప్లేట్‌కు (బ్యాటర్ నిలబడే చోటు) 46 అడుగులు, అంటే 14.02 మీటర్లు. మన దగ్గర చాలా స్కూళ్లలో సాఫ్ట్‌బాల్‌కు సున్నంతో గీసిన డైమండ్ (నాలుగు మూలల చతురస్రం) ఉంటుంది. దాని బేస్‌ల దూరం కూడా 60 అడుగులే కాబట్టి కొత్తగా గీయాల్సిన పని లేదు, పిచింగ్ గీత ఒక్కటి కొలిచి మార్చుకుంటే చాలు. పెద్దల గ్రౌండ్‌లో బేస్‌ల దూరం 90 అడుగులు (27.43 మీటర్లు), పిచింగ్ దూరం 60 అడుగుల 6 అంగుళాలు (18.44 మీటర్లు). థర్డ్ బేస్ నుంచి ఫస్ట్ బేస్‌కు విసరాల్సిన దూరం చిన్న గ్రౌండ్‌లో దాదాపు 26 మీటర్లు, పెద్ద గ్రౌండ్‌లో దాదాపు 39 మీటర్లు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

హనుమకొండ, కరీంనగర్ వైపు స్కూలు గ్రౌండ్లు ఎక్కువగా మొరం నేలలు. బంతి తిన్నగా దొర్లుతూ వచ్చి, గులకరాయి తగిలి ఒక్కసారిగా మొహం మీదికి లేస్తుంది. ప్రాక్టీసుకు ముందు పది నిమిషాలు పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌ల మధ్య, చుట్టూ ఉండే నేల) రాళ్లు ఏరించండి. గ్రౌండ్ మధ్యలో క్రికెట్ పిచ్ ఉంటే అది ఇన్‌ఫీల్డ్‌లోకి రాకుండా డైమండ్‌ను పక్కకు జరపండి. గట్టి పిచ్ మీద పడ్డ బంతి ఎత్తు ఎవరి అంచనాకూ అందదు.

ఎండ దిక్కు కూడా చూసుకోవాలి. హోమ్ ప్లేట్ నుంచి సెకండ్ బేస్ వైపు చూస్తే ఉత్తరం వచ్చేలా గీస్తే, సాయంత్రం ఫస్ట్ బేస్ పిల్లవాడికి ప్రతి త్రో పడమటి ఎండలోంచి వస్తుంది. ఎంత మంచి చేతులున్నా బంతి కనబడకపోతే ఏం పట్టుకుంటాడు? ఒకవేళ డైమండ్ మార్చే వీలు లేకపోతే ఆ పిల్లవాడికి టోపీ తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో ప్రాక్టీసు ఉదయం 6 నుంచి 8 లోపే ముగించాలి.

మొదటి పని: బంతి భయం ఎంత ఉందో చూడటం

స్థానాలు ఇచ్చే ముందు రెండు పూటలు కేవలం చూడటానికి కేటాయించండి. ఎవరికీ ఏ స్థానమూ చెప్పొద్దు. చెప్పారంటే పిల్లలు ఆ స్థానానికి తగ్గట్టు నటించడం మొదలుపెడతారు.

మొదట టెన్నిస్ బంతి, తర్వాత మెత్తటి ప్రాక్టీసు బంతి, ఆ తర్వాతే అసలు బంతి. బేస్‌బాల్ బరువు 142 నుంచి 149 గ్రాములు. పెద్దల క్రికెట్ బంతి (156 నుంచి 163 గ్రాములు) కంటే కొంచెం తేలికే. లెదర్ బంతితో ఆడినవాళ్లు దీనికి బెదరరు. గల్లీలో టెన్నిస్ బంతితో మాత్రమే ఆడినవాళ్లు తల పక్కకు తిప్పుతారు. బంతి గ్లౌజులో పడే క్షణంలో పిల్లవాడి కళ్లు చూడండి. కళ్లు మూసినా, గడ్డం పక్కకు తిరిగినా ఆ పిల్లవాడిని ఇప్పుడే పిచర్, ఫస్ట్ బేస్, థర్డ్ బేస్ స్థానాల్లో పెట్టకూడదు. బ్యాట్ నుంచి దూసుకొచ్చే బంతులైనా, దగ్గరి నుంచి వచ్చే త్రోలైనా అక్కడే ఎక్కువ. భయం పోయాక పెట్టొచ్చు. నెల రోజుల మెత్తటి బంతి ప్రాక్టీసుతో చాలామందికి పోతుంది కూడా.

క్రికెట్ పిల్లల్లో ఒక అలవాటు కనబడుతుంది. రెండు అరచేతులూ దోసిలిలా పట్టి బంతిని పొట్ట దగ్గరికి రానిస్తారు. గ్లౌజుతో అట్లా చేస్తే బంతి గ్లౌజు అడుగు భాగానికి తగిలి బయటికి దూకుతుంది. నడుము పైన వచ్చే బంతికి వేళ్లు ఆకాశం వైపు, నడుము కింద వచ్చే బంతికి వేళ్లు నేల వైపు ఉండాలి. రెండో చెయ్యి గ్లౌజు పక్కనే మూతలా సిద్ధంగా ఉండాలి. ఇది దిద్దిన తర్వాత చేసే పరీక్షే లెక్కలోకి వస్తుంది. దిద్దకముందే మార్కులేస్తే క్రికెట్ అలవాటుకు మార్కులు వేసినట్టు అవుతుంది.

గ్లౌజు ఏ చేతికి తొడుగుతున్నారో కూడా చూడండి. ఎడమచేత్తో విసిరేవాడికి గ్లౌజు కుడిచేతికి కావాలి. స్కూలు కిట్‌లో అలాంటిది ఉండటం అరుదు. ఎడమచేతి పిల్లవాడు మొహమాటానికి దొరికిన గ్లౌజే తొడుక్కుని, బంతి పట్టి, గ్లౌజు తీసి, అప్పుడు విసురుతుంటాడు. వాడికి ఆట రాదని రాసేయకండి. ముందు గ్లౌజు తెప్పించండి.

రెండో పని: మార్కులు

ఒక నోటుబుక్కులో ఐదు గళ్లు గీయండి: పట్టు, గ్రౌండర్ (నేల మీద దొర్లుతూ వచ్చే బంతి), గురి, పరుగు, ఆట తెలివి.

పట్టుకు 15 మీటర్ల దూరం నుంచి పది త్రోలు వేయండి. ఆరు ఛాతీకి, రెండు నేలకు తగిలేలా, రెండు పక్కకు. ఎన్ని పట్టాడో అదే మార్కు. గ్రౌండర్‌కు 12 మీటర్ల నుంచి చేత్తో పది బంతులు దొర్లించండి. నాలుగు నేరుగా, మూడు కుడికి, మూడు ఎడమకు. పట్టకపోయినా ఒంటితో ముందుకు ఆపితే అర మార్కు ఇవ్వండి. మొరం నేల మీద ఆపడమే సగం పని. గురి చూడటానికి స్కూలు గోడ మీద సుద్దతో మీటరు వెడల్పు, మీటరున్నర ఎత్తు గడి గీసి, 18 మీటర్ల నుంచి పది బంతులు వేయించండి. తొమ్మిదేళ్ల లోపువాళ్లకు 12 మీటర్లు చాలు. పరుగుకు 20 మీటర్లు, ఫోన్ స్టాప్‌వాచ్‌తో. గాల్లో బంతి అంచనా విడిగా చూడాలి. టెన్నిస్ రాకెట్‌తో టెన్నిస్ బంతిని ఎత్తుగా కొడితే కావాల్సిన చోట పడుతుంది, చేతులూ నొప్పి పెట్టవు. కొన్ని పిల్లవాడి ముందు పడాలి, కొన్ని వెనక. బంతి లేవగానే మొదటి అడుగు ఎటు వేశాడో రాసుకోండి. ప్రతిదానికీ ముందుకే ఉరికి, ఆ తర్వాత వెనక్కి పరుగెత్తేవాడికి ఔట్‌ఫీల్డ్ ఇంకా నేర్పాల్సి ఉంది.

ఐదో గడికి బంతి అక్కర్లేదు. రన్నర్ల స్థానంలో ఇద్దరిని నిలబెట్టి పిల్లవాడిని అడగండి: "బిడ్డా, ఫస్ట్ మీద రన్నర్ ఉన్నడు, ఒక ఔట్ అయింది. బంతి నీ కాడికొచ్చింది. ఎటేస్తవ్?" రెండు సెకన్లలో "సెకండ్‌కు" అన్నవాడికి పూర్తి మార్కులు. ఆలోచించి సరిగ్గా చెప్పినవాడికి సగం. కబడ్డీ, ఖోఖో పిల్లలు ఇక్కడ ముందుంటారు. ఎవరు ఎటు కదులుతున్నారో చూస్తూ కదలడం వాళ్లకు రోజూ ఉన్న పనే. ఏడుపెంకులాట బాగా ఆడే పిల్లల్లో కూడా ఈ చురుకు కనబడుతుంది.

మూడో పని: ఏ స్థానం ముందు నింపాలి

ఇది వయసును బట్టి మారుతుంది. పదేళ్ల లోపు అయితే ముందు ఫస్ట్ బేస్, తర్వాత పిచర్, షార్ట్‌స్టాప్, అటు తర్వాత క్యాచర్. ఈ వయసులో తగిలిన బంతుల్లో చాలా వరకు పిచర్ చుట్టూనే ఆగిపోతాయి, అక్కడి నుంచి ఫస్ట్‌కే వెళ్లాలి. 11, 12 ఏళ్లకు వచ్చేసరికి క్యాచర్ పైకి వస్తాడు. పిచర్, క్యాచర్, ఫస్ట్ బేస్, షార్ట్‌స్టాప్, సెంటర్ ఫీల్డ్ (ఔట్‌ఫీల్డ్ మధ్య చోటు) అన్నది అప్పటి వరుస. ఈ ఐదుగురు కుదిరితే మిగతా నలుగురిని ఎలా మార్చినా జట్టు నిలబడుతుంది.

ఫస్ట్ బేస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. పట్టులో 8కి తగ్గిన పిల్లవాడిని, ఎంత పొడుగున్నా, అక్కడ పెట్టకండి. పొడుగు వల్ల వచ్చే లాభం ఓ అర అడుగు. చేతులు బాగుంటే వచ్చే లాభం ఇన్నింగ్స్‌కు (రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేసే విడత) ఒక ఔట్. ఎడమచేతి పిల్లవాడికి ఇది సొంత ఇల్లు. గ్లౌజు కుడిచేతికి ఉంటుంది కాబట్టి సెకండ్ బేస్ వైపు వచ్చే బంతులు సులువుగా అందుతాయి, థర్డ్‌కు విసరడానికి ఒళ్లు తిప్పుకోనక్కర్లేదు.

పాదం ఎట్లా పెట్టాలో దగ్గరగా చూపించండి. గ్రౌండర్ కొట్టగానే పిల్లవాడు బేస్ దగ్గరికి ఉరికి, రెండు మడమలూ బేస్‌కు ఆనించి విసిరేవాడి వైపు తిరగాలి. బంతి చేతి నుంచి వదిలాక, అది ఎటు వస్తోందో చూశాక, కుడిచేతివాడైతే కుడి పాదం బేస్ లోపలి అంచుకు తాకించి, ఎడమ కాలు బంతి వైపు చాపాలి. ఎడమచేతివాడికి దీనికి తిరగేసి. పాదం బేస్ మధ్యలో పెడితే పరుగెత్తుకొచ్చే రన్నర్ మడమ తొక్కుతాడు, ఇద్దరూ పడతారు. బంతి వదలకముందే కాలు చాపేసేవాడు కొత్త పిల్లల్లో చాలా మామూలు. వాడు ఒక దిక్కుకు కట్టుబడిపోతాడు, త్రో రెండడుగులు పక్కకొస్తే అందుకోలేడు. ఒక మాట ముందే చెప్పి ఉంచండి: త్రో పక్కకు పోతే బేస్ వదిలెయ్, బంతి పట్టు. ఒక రన్నర్ బతికితే నష్టం లేదు, బంతి గోడ దాకా పోతేనే నష్టం. పరీక్షగా ఇరవై త్రోలు వేయండి. పది మంచివి, ఐదు నేలకు తగిలేవి, ఐదు పక్కకు. పదిహేను ఆపినవాడే మీ ఫస్ట్ బేస్.

పిచర్‌కు వేగం కాదు, గురి కావాలి. రెండు కర్రల మధ్య మోకాలి ఎత్తున ఒకటి, ఛాతీ ఎత్తున ఒకటి తాళ్లు కట్టండి. వెడల్పు 43 సెంటీమీటర్లు, అంటే హోమ్ ప్లేట్ వెడల్పు. 14 మీటర్ల నుంచి పదికి ఐదు ఆ గడిలో వేసేవాడు పిల్లల మ్యాచ్ ఆడించగలడు. పది బంతులూ వేగంగా, కానీ గడి బయట వేసేవాడు బ్యాటర్లను ఊరికే ఫస్ట్ బేస్‌కు నడిపించి పరుగులిస్తాడు, వెనక ఎనిమిది మంది చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. ఫాస్ట్ బౌలర్‌ను చూసి పిచర్ అనుకోకండి. బౌలింగ్‌లో మోచెయ్యి నిటారు, ఇక్కడ వంగి విడుస్తుంది. ఈ కదలిక జావెలిన్ పిల్లలకే తొందరగా అబ్బుతుంది. 2008లో అమెరికా బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ మొదట జావెలిన్ విసిరినవాళ్లే.

బంతుల లెక్క మాత్రం ఎవరో ఒకరు పేపరు మీద గీతలు గీస్తూ పెట్టాల్సిందే. అమెరికాలో మొదలైన పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ నియమాల్లో రోజుకు పరిమితి 7, 8 ఏళ్లకు 50 బంతులు, 9, 10 ఏళ్లకు 75, 11, 12 ఏళ్లకు 85, 13 నుంచి 16కు 95. పద్నాలుగేళ్ల వరకు 21 నుంచి 35 బంతులు వేస్తే ఒక రోజు విశ్రాంతి, 36 నుంచి 50కి రెండు రోజులు, 51 నుంచి 65కు మూడు, 66 దాటితే నాలుగు. మన దగ్గర ఇంకో చిక్కుంది. అదే పిల్లవాడు ఆదివారం కాలనీ క్రికెట్‌లో ఎనిమిది ఓవర్లు బౌలింగ్ చేసి సోమవారం మీ దగ్గరికి వస్తాడు. భుజం ఒక్కటే కదా, దానికి రెండు ఆటలని తెలియదు. నిన్న ఏం ఆడాడో ప్రతిసారీ అడగండి. మోచెయ్యి లోపలి వైపు నొప్పి అంటే ఆ రోజుకు విసరడం ఆపించండి. తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించమని ఇంటివాళ్లకు చెప్పండి. ఎముక ఇంకా ఎదిగే చోట అది. ఈ వయసులో పాడైతే ఆ పిల్లవాడి ఆట అక్కడితోనే ఆగిపోవచ్చు.

క్యాచర్‌ను ఒళ్లు చూసి ఎంచుకోవడం పాత అలవాటు. నిజానికి ఇక్కడ కావాల్సింది గొంతుక్కూర్చుని గంటసేపు విసుగు లేకుండా ఉండగలిగేవాడు, నేలకు కొట్టుకున్న బంతికి ఛాతీ అడ్డం పెట్టేవాడు. వికెట్‌కీపింగ్ చేసిన పిల్లలు దీనికి సగం తయారై ఉంటారు, కానీ వాళ్ల కిట్ సరిపోదు. కీపర్ ప్యాడ్లు ఛాతీని, గొంతును కాపాడవు. హెల్మెట్‌తో మాస్క్, గొంతు గార్డు, ఛాతీ ప్రొటెక్టర్, లెగ్ గార్డులు, లోపల గార్డు, ఈ ఐదూ లేకుండా ఎవరినీ బ్యాటర్ వెనక కూర్చోబెట్టవద్దు, ప్రాక్టీసులో కూడా. రన్నర్ లేనప్పుడు ఖాళీ చెయ్యి వీపు వెనక ఉండాలి. లేకపోతే బ్యాట్ అంచుకు తగిలి వెనక్కి వచ్చే ఫౌల్ బంతి వేళ్లకు తగులుతుంది. ఎండాకాలంలో మూడు ఇన్నింగ్స్‌కు మించి ఒకరినే ఉంచకండి. అందుకని క్యాచర్లు ఎప్పుడూ ఇద్దరు కావాలి. 41 బంతులు, అంతకు మించి పిచింగ్ చేసినవాడు ఆ రోజు క్యాచర్ కాకూడదు, నాలుగు ఇన్నింగ్స్ క్యాచర్‌గా ఉన్నవాడు ఆ రోజు పిచింగ్ చేయకూడదు. లిటిల్ లీగ్‌లో ఇది నియమం. మీ టోర్నమెంటులో లేకపోయినా పాటించండి.

షార్ట్‌స్టాప్‌కు గ్రౌండర్ మార్కూ, ఆట తెలివీ కలిపి అందరికంటే ఎక్కువ వచ్చినవాడు. సెకండ్ బేస్‌కు అదే రకం పిల్లవాడు, భుజం కాస్త తక్కువైనా నడుస్తుంది, త్రో దగ్గరే. థర్డ్ బేస్‌కు ధైర్యమూ, భుజమూ. ఈ మూడింటికీ కుడిచేతివాళ్లే సులువు, ఎందుకంటే ఎడమచేతివాడు ఫస్ట్‌కు విసరాలంటే ఒళ్లంతా తిప్పుకోవాలి. కానీ పదేళ్ల పిల్లవాడు షార్ట్‌స్టాప్ ఆడతానంటే ఎడమచేయి పేరు చెప్పి ఆపకండి, ప్రాక్టీసులో ఆడనివ్వండి.

ఔట్‌ఫీల్డ్‌లో సెంటర్‌కు అందరికంటే వేగమూ, గొంతూ ఉన్నవాడు. రెండు వైపుల నుంచీ పరుగెత్తుకొచ్చి గుద్దుకోకుండా "నాది, నాది, నాది" అని మూడుసార్లు అరవాలి. సెంటర్ అరిస్తే పక్కవాళ్లు ఆగాలి, ఔట్‌ఫీల్డర్ అరిస్తే ఇన్‌ఫీల్డర్ ఆగాలి. ఎదురుగా వచ్చేవాడికే బంతి తేలిక, వెనక్కి పరుగెత్తేవాడికి కాదు.

రైట్ ఫీల్డ్‌ను (ఔట్‌ఫీల్డ్‌లో ఫస్ట్ బేస్ వైపు భాగం) ఆట రాని పిల్లవాడిని దాచే చోటుగా చూడటం మాకు అస్సలు నచ్చని పద్ధతి. చిన్నవాళ్లు బ్యాట్ ఆలస్యంగా తిప్పుతారు, కుడిచేతి బ్యాటర్ల బంతులు అటే పోతాయి. పైగా మన గ్రౌండ్లకు ఫస్ట్ బేస్ వెనక కంచె ఉండదు. ప్రతి గ్రౌండర్‌కూ రైట్ ఫీల్డర్ ఫస్ట్ బేస్ వెనక్కి ఉరకాలి. పదిసార్లు ఉరికితే ఒకసారి బంతి జారుతుంది, ఆ ఒక్కసారే రన్నర్‌ను రెండు బేస్‌లు ఆపుతాడు. ఈ పని ఉందని చెప్పి చూడండి, ఆ పిల్లవాడు గడ్డి పీకుతూ నిలబడడు.

నాలుగో పని: ఇన్నింగ్స్ పంపకం

12 ఏళ్ల లోపు మ్యాచ్ ఆరు ఇన్నింగ్స్. తొమ్మిది స్థానాలు, ఆరు ఇన్నింగ్స్, మొత్తం 54. పన్నెండు మంది ఉంటే ఆరుగురికి ఐదేసి, ఆరుగురికి నాలుగేసి ఇన్నింగ్స్. పద్నాలుగు మంది ఉంటే పన్నెండు మందికి నాలుగేసి, ఇద్దరికి మూడేసి. ఆ ఇద్దరి పేర్లు రాసిపెట్టి, తర్వాతి మ్యాచ్‌లో వాళ్లకే ముందు ఇవ్వండి. పిచర్, క్యాచర్, ఫస్ట్ బేస్‌లను రెండు మూడు ఇన్నింగ్స్ కదపకండి. ప్రతి ఇన్నింగ్స్‌కూ మారిస్తే ఒకరి త్రో ఇంకొకరికి అలవాటు కాదు. మిగతావాళ్లను ఇన్‌ఫీల్డ్ నుంచి ఔట్‌ఫీల్డ్‌కు, అటు నుంచి ఇటు మార్చండి. ప్రతి పిల్లవాడు సీజన్‌లో కనీసం ఒక ఇన్‌ఫీల్డ్, ఒక ఔట్‌ఫీల్డ్ స్థానం నేర్చుకోవాలి. చిన్నప్పుడే ఒక చోట పాతేస్తే ఏం పోతుందో చెప్పడానికి మరియానో రివెరా పేరు చాలు. పనామాలో షార్ట్‌స్టాప్‌గా ఆడినవాడు, పిచర్‌గా మారి అమెరికా మేజర్ లీగ్‌లో 652 సేవ్‌లతో (జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన మ్యాచ్‌లు) రికార్డు రాశాడు.

జాబితా మ్యాచ్ ముందురోజు సాయంత్రమే చెప్పండి. పొద్దున గ్రౌండ్‌లో చెబితే తల్లిదండ్రుల ముందు వాదన మొదలవుతుంది. "మా వానికి పిచింగ్ ఎందుకు ఇయ్యలే సార్" అని అడిగితే నోటుబుక్కు తెరిచి మార్కులు చూపించండి, ఏ గడిలో ఎంత పెరగాలో చెప్పండి. అంకె చూపించినప్పుడు గొడవ ఉండదు. మీ సొంత బిడ్డ జట్టులో ఉంటే వాడి మార్కులు ఇంకొకరితో వేయించండి.

పెద్ద గ్రౌండ్‌కు మారినప్పుడు

పదమూడేళ్లు దాటాక ఈ నోటుబుక్కు పక్కన పెట్టి పరీక్షలన్నీ మళ్లీ చేయాలి. 26 మీటర్ల త్రో 39 మీటర్లు అవుతుంది. చిన్న గ్రౌండ్‌లో మంచి షార్ట్‌స్టాప్ అనిపించుకున్న పిల్లవాడి బంతి ఇప్పుడు ఫస్ట్ బేస్‌కు రెండుసార్లు నేలకు తగిలి చేరుతుంది. వాడి చేతులు ఏం పాడవలేదు, దూరమే పెరిగింది. సెకండ్ బేస్‌కు మార్చండి, ఎందుకు మార్చారో చెప్పండి. నిన్నటి దాకా రైట్ ఫీల్డ్‌లో ఉన్న పిల్లవాడు ఒక్కసారిగా పొడుగు పెరిగి థర్డ్ బేస్ నుంచి నేరుగా విసురుతుండొచ్చు. ఆ ఎదిగే నెలల్లో పిల్లలకు కాళ్లూ చేతులూ మాట వినవు, మార్కులు ఒకసారి తగ్గుతాయి. అప్పుడు వేసిన మార్కులతో స్థానం తీసేయకండి. ఆరు వారాల తర్వాత, వర్షాలు తగ్గి నేల ఆరాక, అదే గోడ మీద అదే గడి గీసి, 27 మీటర్ల నుంచి మళ్లీ పది బంతులు వేయించండి.